గాజుకు గుర్తింపు వచ్చింది, గాజు చేసిన చేతికి?

2024 సంవత్సరంలో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. జి.ఐ. ట్యాగ్ అని అందరూ పిలిచేది దీన్నే. 2010లో హైదరాబాదు హలీమ్‌కు వచ్చిన గౌరవం ఇప్పుడు లాడ్ బజార్ గాజుకు కూడా దక్కింది. చార్మినార్ నీడలో ఉండే మన పాతబస్తీకి ఇది పండుగ లాంటి వార్త. మేమూ సంతోషించాం. అయితే సంతోషంతో పాటే మాకు ఒక ప్రశ్న కూడా పుట్టింది. గాజుకు పేరు రాసి ఇచ్చారు సరే, ఆ గాజు చేసిన మనిషి పేరు ఎక్కడైనా రాసి ఉందా? ఆ మనిషికి రేపు గుండె నొప్పి వస్తే, కిడ్నీ చెడిపోతే, కాన్పు కష్టమైతే ఆసుపత్రిలో చూపించడానికి ఆమె చేతిలో ఏ కాగితం ఉంది?

ఈ వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, జ్ఞాపకాలు చాలా ఉంటాయి. వాటి మధ్య ఆరోగ్య బీమా గురించి రాయడం ఏమిటని కొందరు తమ్ముళ్లు అనుకోవచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన హాస్టల్‌లో చదువు మధ్యలో ఆపేసి వెళ్లిపోయిన వారిని గుర్తు చేసుకుంటే, వారిలో ఎంతమంది తెలివి లేక వెళ్లారు, ఎంతమంది ఇంట్లో ఒకరికి జబ్బు చేసి వెళ్లారు? నాన్న మంచాన పడితే కొడుకు కూలికి పోతాడు. అమ్మకు ఆపరేషన్ అయితే కూతురు పుస్తకాల సంచీ మూలన పెట్టి ఇంటి పని చూసుకుంటుంది. పేదవాడి ఇంట్లో జబ్బు ఒక్కరికి వచ్చినా దెబ్బ మాత్రం ఇంటిల్లిపాదికీ తగులుతుంది. అందుకే ఇది చదువుకు సంబంధించిన విషయమే అని మేము అంటున్నాం.

లక్క పొయ్యి దగ్గర

లాడ్ బజార్‌లో కొనేవారికి కనిపించేది అద్దాల వెలుగులో మెరిసే గాజు. తయారీ మాత్రం ఆ వెలుగుకు దూరంగా, ఇరుకు గదుల్లో, పాతబస్తీ గల్లీల్లో జరుగుతుంది. బొగ్గు నిప్పుల మీద లక్కను కరిగించి, ముద్ద చేసి, సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి, అతుకు కలుపుతారు. ఆ తర్వాత లక్కను మళ్లీ వేడిచేసి, మెత్తగా ఉన్నప్పుడే ఒక్కొక్క రాయి, ఒక్కొక్క అద్దం ముక్క చేత్తో అతికిస్తారు. రాళ్లు అతికించే పని ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు, చాలామంది ఇంట్లోనే కూర్చుని చేస్తారు. కూలి జతకు ఇంత, డజనుకు ఇంత అని లెక్క.

వేళ్లు కాలుతాయి. పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్న రాళ్లను చూసి చూసి కళ్లు మసకబారుతాయి. గంటల తరబడి వంగి కూర్చుంటే నడుము పట్టేస్తుంది. పని చేసిన పూట కూలి ఉంటుంది, చేయని పూట ఉండదు. జ్వరంతో పడుకుంటే మందుల ఖర్చు ఒకవైపు, కూలి పోవడం మరోవైపు. రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల తయారీ గదుల నుండి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహార్ నుండి వచ్చిన పిల్లలు. మన వయసు వాళ్లు, మనకంటే చిన్నవాళ్లు కూడా. సొంత ఊళ్లో పేరు ఉందో లేదో తెలియదు, ఈ ఊళ్లో ఏ జాబితాలోనూ పేరు లేదు. పేరు లేని మనిషికి జబ్బు చేస్తే లెక్కలోకి రాదు, చనిపోయినా లెక్కలోకి రాదు.

బీమా అంటే ఏమిటి?

మన అమ్మలకు చిట్టీ అంటే బాగా తెలుసు. పదిమంది కలిసి నెల నెలా కొంత వేస్తారు, అవసరం ఉన్నవారు ముందు ఎత్తుకుంటారు. బీమా కూడా పదిమంది సొమ్ము ఒక్కరి కష్టానికి ఉపయోగపడటమే. కానీ ఒక తేడా ఉంది. చిట్టీలో చివరికి ప్రతి ఒక్కరి డబ్బూ ప్రతి ఒక్కరికి తిరిగి వస్తుంది. బీమాలో జబ్బు చేసినవారికే వస్తుంది. "ఏడాదంతా కట్టినం, ఏమొచ్చింది?" అని అడిగేవారికి మా జవాబు ఒక్కటే. ఏమీ రాలేదంటే ఆ ఏడాది ఇంట్లో అందరూ బాగున్నారని అర్థం. దానికంటే లాభం ఏముంది?

రెండో తేడా ఇంకా ముఖ్యమైనది. జబ్బు వచ్చాక చిట్టీలో చేరి ముందుగా పాట పాడుకోవచ్చేమో గాని, జబ్బు వచ్చాక బీమాలో చేరడం కష్టం. వాన పడుతుండగా కొట్టం కప్పుకోలేం. ఈ ఒక్క సంగతి మన ఇళ్లలో అర్థమైతే సగం పని అయినట్లే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1883లోనే జర్మనీలో కార్మికుల కోసం జబ్బు బీమా చట్టం వచ్చింది. 1948 జూలై 5న బ్రిటన్‌లో అందరికీ ప్రభుత్వ వైద్యం మొదలైంది. 2002లో థాయ్‌లాండ్ తన ప్రజలందరినీ వైద్య రక్షణ కిందకు తెచ్చింది. మన దేశంలో దీని పునాదిలో మన బాబాసాహెబ్ చెయ్యి కూడా ఉన్నదని ఎంతమందికి తెలుసు? డాక్టర్ అంబేడ్కర్ 1942 నుండి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1943లో, ప్రొఫెసర్ అదార్కర్‌కు కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారు చేసే పని అప్పగించారు. 1944లో ఆయన నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగానే 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అది అమలు మొదలైంది. కాబట్టి బీమా అడగడం అంటే ఎవరినో దేబిరించడం కాదు. మన పెద్దలు సాధించి పెట్టిన హక్కును అడగడమే.

నాలుగు తలుపులు

ఈ రోజు పేద కుటుంబానికి ఆరోగ్య రక్షణ దొరికే దారులు ప్రధానంగా నాలుగు. ఏ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో తెలియక చాలామంది నాలుగింటి ముందూ నిలబడి, ఏదీ తెరవకుండా వెనక్కి వస్తున్నారు.

మొదటిది ఉద్యోగం తలుపు. అదే ఇ.ఎస్.ఐ. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. 2019 జూలై నుండి కార్మికుని జీతంలో నూటికి 75 పైసలు, యజమాని వైపు నుండి నూటికి 3 రూపాయల 25 పైసలు కట్టాలి. దీనికి బదులుగా కార్మికునికి, అతని కుటుంబానికి వైద్యం దొరుకుతుంది. సనత్‌నగర్‌లోని పెద్ద ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఈ పథకం కిందిదే. ఇందులో అసలు గొప్పదనం వైద్యం ఒక్కటే కాదు. చందా నిబంధన ప్రకారం పనిదినాలు ఉన్నవారు జబ్బుతో సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం చేతికి వస్తుంది. కాన్పుకు 26 వారాలు పూర్తి జీతం. అంటే పైన చెప్పిన రెండు దెబ్బలకూ మందు ఉన్న పథకం ఇదొక్కటే. మిగతావన్నీ ఆసుపత్రి బిల్లు గురించి మాత్రమే ఆలోచిస్తాయి. ఇంట్లో పొయ్యి వెలగడం గురించి ఆలోచించవు.

మరి లాడ్ బజార్‌కు ఇది ఎందుకు అందడం లేదు? చిన్న దుకాణంలో ముగ్గురో నలుగురో పనివాళ్లు ఉంటారు. పదిమంది లెక్క కుదరదు. ఇంట్లో కూర్చుని రాళ్లు అతికించే అమ్మకైతే యజమాని ఎవరో చెప్పడమే కష్టం. ముడి గాజులు తెచ్చి ఇచ్చేది ఒకరు, తీసుకుపోయేది ఇంకొకరు, అమ్మేది మరొకరు. పని అందరికీ కావాలి, బాధ్యత మాత్రం ఎవరికీ వద్దు.

రెండవది రేషన్ కార్డు తలుపు. అదే ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలుపెట్టింది. మరుసటి ఏడాది రాష్ట్రమంతటికీ విస్తరించింది. అంతకుముందు పేదవాడికి గుండె ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం అర్జీ పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడాల్సిందే. అర్జీని హక్కుగా మార్చడమే ఈ పథకం చేసిన పెద్ద పని. మొదట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల పరిమితి ఉండేది. తెలంగాణలో తర్వాత 5 లక్షలు అయింది. 2023 డిసెంబర్ 9 నుండి 10 లక్షలు అయింది. ప్రీమియం మనం కట్టనవసరం లేదు. పథకంలో చేరిన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని ముందుగా వారినే కలవాలి. చికిత్సకు ముందస్తు అనుమతి వారి ద్వారానే వస్తుంది. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయాలి.

మూడవది కేంద్ర ప్రభుత్వ తలుపు. 2018 సెప్టెంబర్ 23న ఆయుష్మాన్ భారత్ మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. తెలంగాణ 2021లో ఇందులో చేరి, ఆరోగ్యశ్రీతో కలిపి అమలు చేస్తున్నది. దీని ప్రత్యేకత ఏమిటంటే, అర్హత ఉన్న కుటుంబం తన రాష్ట్రం దాటి వెళ్లినా అక్కడ ఈ పథకంలో ఉన్న ఆసుపత్రిలో కార్డు పనిచేస్తుంది. బీహార్ నుండి, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చి ఇక్కడ గాజుల పని చేసేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? 14555కు ఫోన్ చేసి తమ కుటుంబం పేరు జాబితాలో ఉందో లేదో తెలుసుకోవచ్చని వారికి ఎవరు చెప్పాలి? ఇంకొకటి. 2024 అక్టోబర్ 29న 70 ఏళ్లు దాటినవారిని కూడా ఇందులో చేర్చారు. వీరికి ఆదాయంతో సంబంధం లేదు. పేరు నమోదుకు ఆధార్ కావాలి. మన తాతలు, నానమ్మలు ఎంతమంది ఈ కార్డు తీసుకున్నారో ఇంటికి వెళ్లినప్పుడు అడగండి.

నాలుగవది సొంత డబ్బు తలుపు. రేషన్ కార్డుకు అర్హత దాటినవారికి, ఇ.ఎస్.ఐ. జీతం పరిమితి దాటినవారికి ఇదే దారి. మన పూర్వ విద్యార్థులు చాలామంది ఇక్కడే ఉన్నారు. వారి కోసం నాలుగు మాటలు.

కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగం ఉన్నంతవరకే. ఉద్యోగం మారే మధ్యకాలంలో ఇంటిని ఎవరు కాస్తారో ముందే ఆలోచించుకోవాలి. అన్ని సాధారణ బీమా కంపెనీలూ, ఆరోగ్య బీమా కంపెనీలూ ఒకే షరతులతో అమ్మవలసిన 'ఆరోగ్య సంజీవని' అనే పాలసీ 2020 ఏప్రిల్ నుండి ఉన్నది. మొదటిసారి కొనేవారికి ఇది అర్థం చేసుకోవడం తేలిక. అందులో బిల్లులో 5 శాతం మనమే పెట్టుకోవాలి, గది అద్దెకు కూడా పరిమితి ఉంటుంది. ఏ పాలసీ తీసుకున్నా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు సాధారణంగా వర్తించదు. ముందే ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు కంపెనీ గరిష్ఠంగా 3 ఏళ్ల వరకు ఆగమనవచ్చు. 2024కు ముందు ఇది 4 ఏళ్లుగా ఉండేది. ఉన్న జబ్బును దాచిపెట్టి ఫారం నింపమని ఏజెంటు చెబితే వినవద్దు. ఆ అబద్ధం ఏజెంటు మెడకు కాదు, ఆసుపత్రి మంచం మీద ఉన్న మన అమ్మ మెడకు చుట్టుకుంటుంది. పాలసీ కాగితాలు చేతికి వచ్చిన 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చు. వ్యక్తులూ కుటుంబాలూ తీసుకునే ఆరోగ్య పాలసీ మీద 18 శాతం ఉన్న జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబర్ 22 నుండి తీసేశారు. క్లెయిము అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ న్యాయం జరగకపోతే హైదరాబాదులోనే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉన్నది. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.

తలుపు ఉండీ లోపలికి పోలేనివారు

పథకాలు లేవని మేము అనడం లేదు. పథకాలు ఉన్నాయి. మరి మన ఇళ్లలో ఆసుపత్రి బిల్లుకు పుస్తెలు తాకట్టు పెట్టడం ఎందుకు ఆగలేదు? మేము గమనించిన కారణాలు ఇవి.

ఒకటి, కోడలి పేరు. పెళ్లి కాగానే పుట్టింటి రేషన్ కార్డులో నుండి ఆడపిల్ల పేరు తీసేయిస్తారు. అత్తగారి కార్డులో చేర్పించడం మాత్రం 'తర్వాత చూద్దాం' అని వదిలేస్తారు. ఆ 'తర్వాత' ఏళ్లు గడుస్తుంది. సరిగ్గా కాన్పులు, రక్తహీనత, ఆపరేషన్ల వయసులోనే ఆమె రెండు ఇళ్ల మధ్య ఏ కార్డూ లేకుండా నిలబడుతుంది. పుట్టిన బిడ్డ సంగతీ అంతే. తల్లి పేరు లేని కార్డులో బిడ్డ పేరు ఎలా ఎక్కుతుంది? తెలంగాణలో కొత్త కార్డుల కోసం, పేర్లు చేర్చడం కోసం జనం ఏళ్ల తరబడి ఎదురు చూశారు. 2025లో కొత్త కార్డుల పంపిణీ జరిగింది. ఆ వరుసలో మీ వదిన పేరు, మీ అక్క పేరు ఎక్కిందా? చూసుకున్నారా?

రెండు, అక్షరాలు. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు, బ్యాంకు పుస్తకంలో మూడో పేరు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక. పుట్టిన తేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. మామూలు రోజుల్లో ఇది నవ్వులాట. అత్యవసర వార్డు ముందు మాత్రం గంటలు తినేస్తుంది.

మూడు, కార్డుల గందరగోళం. 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం ఇ-శ్రమ్ నమోదు మొదలైంది. చేరడం మంచిదే. కానీ ఆ కార్డు ఒక్కటే ఆసుపత్రిలో చూపిస్తే వైద్యం జరగదు. అది ఆరోగ్య బీమా కార్డు కాదు. అలాగే బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా ప్రమాదంలో మరణానికి, అంగవైకల్యానికి మాత్రమే. 436 రూపాయల జీవన్ జ్యోతి మరణానికి మాత్రమే. రెండూ ఉండదగినవే. అయితే "మాకు బ్యాంకుల బీమా ఉంది బిడ్డా" అని ధీమాగా ఉన్న అమ్మకు అది జ్వరానికీ ఆపరేషన్‌కూ పనికిరాదని చెప్పవలసినది చదువుకున్న మనమే.

నాలుగు, వృత్తికి గుర్తింపు లేకపోవడం. ఇక్కడ మన తెలంగాణ పల్లెల నుండే ఒక ఉదాహరణ చూడండి. నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే అమ్మలు కూడా ఇంట్లో కూర్చునే పనిచేస్తారు. వారికీ వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అయినా 1976లో వచ్చిన బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వల్ల వారికి గుర్తింపు కార్డు వచ్చింది, దవాఖానాలు వచ్చాయి, పిల్లలకు స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. ఇళ్లు కట్టే కూలీలకు 1996 చట్టంతో సంక్షేమ బోర్డు వచ్చింది. ఇంట్లో పనిచేసేవారిని లెక్కలోకి తీసుకోవడం సాధ్యం కాదనే మాట అబద్ధమని బీడీ కార్డే రుజువు చేసింది. మరి గాజులకు రాళ్లు అతికించే అమ్మకు అలాంటి కార్డు ఎందుకు ఉండకూడదు? ఇంటి నుండి పనిచేసేవారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒప్పందం తెచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

చేతివృత్తుల వారి కోసం కేంద్రం 2007 ప్రాంతంలో రాజీవ్ గాంధీ శిల్పి స్వాస్థ్య బీమా యోజన అని ఒకటి నడిపింది. నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 15,000 రూపాయల వరకు వైద్యం. మొత్తం చిన్నదే అయినా బయటి రోగిగా చూపించుకున్న ఖర్చు కూడా అందులో ఉండేది. తర్వాత అది ఆగిపోయింది. పథకం పోయింది, లక్క పొగ మాత్రం పోలేదు.

బీమా ఒక్కటే చాలునా?

చాలదు. ఇది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆరోగ్యశ్రీ అయినా, ఆయుష్మాన్ అయినా ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తర్వాత పనికొచ్చేవి. కానీ గాజుల కార్మికురాలికి నెల నెలా అయ్యే ఖర్చు ఏది? దగ్గు మందు, కళ్లజోడు, బీపీ గోళీలు, రక్త పరీక్ష. ఇవన్నీ ఆమె జేబులో నుండే పోతాయి. చిన్న జబ్బుకు డబ్బు లేక వాయిదా వేస్తే అదే పెద్ద జబ్బు అవుతుంది. అప్పుడు బీమా వస్తుంది. చెట్టు ఎండిపోయాక నీళ్లు పోసినట్లు ఉంటుంది ఈ వరుస.

కాబట్టి బీమా కార్డుతో పాటు ప్రభుత్వ దవాఖానా బాగుండాలని గట్టిగా అడగాలి. 2018 నుండి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. అక్కడ డాక్టరు చూస్తారు, మందులు ఉచితం. కాన్పులకు పేట్లబుర్జు, పిల్లలకు నీలోఫర్, అన్నిటికీ ఉస్మానియా. పాతబస్తీ పేదవాడి ప్రాణం ఇప్పటికీ వీటి మీదే ఆధారపడి ఉన్నది. ఆ ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాననీళ్లు వచ్చి, భవనాన్ని ఖాళీ చేయవలసి వచ్చింది. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. అంటే నాలుగున్నర ఏళ్ల తర్వాత. ఇంకోవైపు ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదని ప్రైవేటు ఆసుపత్రులు 2025లో ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన రోజులు కూడా చూశాం. ప్రైవేటు ఆసుపత్రి తలుపు మూసుకున్న రోజున ప్రభుత్వ ఆసుపత్రి మంచం లేకపోతే చేతిలోని కార్డు ఉత్త అట్టముక్కే.

అలాగే చట్టంలో ఉన్న అవకాశాన్ని వాడుకోవాలి. 2025 నవంబర్ 21 నుండి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం పదిమంది కంటే తక్కువ ఉన్న చోట కూడా, యజమాని, ఎక్కువమంది పనివారు ఒప్పుకుంటే ఇ.ఎస్.ఐ.లో స్వచ్ఛందంగా చేరవచ్చు. లాడ్ బజార్ వ్యాపారులను మేము గౌరవంగా అడుగుతున్నాం. జి.ఐ. ట్యాగ్ పేరుతో మీ గాజు విలువ పెరగాలి, తప్పకుండా పెరగాలి. ఆ పెరిగిన విలువలో నూటికి 3 రూపాయల పావలా, గాజు చేసిన చేతి కోసం పక్కన పెట్టలేరా? ప్రభుత్వాన్ని కూడా అడుగుతున్నాం. గాజుకు గుర్తింపు ఇచ్చేటప్పుడే దాన్ని చేసేవారి జాబితా తయారుచేసి, ఇంట్లో పనిచేసే ఆడవాళ్లను కూడా అందులో రాసి, వైద్య పథకానికి ఆ జాబితానే ఆధారం చేయడానికి అడ్డేమిటి?

మనం చేయవలసిన పని

విమర్శ రాసి చేతులు దులుపుకుంటే అది హాస్టల్ పత్రిక వ్యాసమే అవుతుంది గాని ఎవరికీ ఉపయోగం ఉండదు. మన హాస్టల్‌లో చదివిన ప్రతి ఒక్కరికీ ఫారం నింపడం వచ్చు. స్కాలర్‌షిప్ కోసం, సీటు కోసం ఎన్ని ఫారాలు నింపలేదు మనం? కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ కోసం మీసేవ చుట్టూ ఎన్నిసార్లు తిరగలేదు? ఆ అనుభవం మన ఇంటికీ, మన గల్లీకీ పనికి రావాలి. ఈసారి సెలవులకు వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఈ పనులు చేయాలని మా మనవి.

1. ఇంటి రేషన్ కార్డు తీసి, అందులో ఉన్న పేర్లు, ఇంట్లో ఉన్న మనుషులు సరిపోతున్నారో చూడండి. వదిన పేరు, చిన్నపిల్లల పేర్లు ముందు చూడండి. లేకపోతే మీసేవలో దరఖాస్తు పెట్టి, రసీదు జాగ్రత్త చేయండి.

2. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి. తేడా ఉంటే జబ్బు రాకముందే సరిచేయించండి.

3. 70 దాటిన తాత, నానమ్మ ఉంటే ఆయుష్మాన్ కార్డు నమోదు చేయించండి.

4. నాన్నో అన్నో దుకాణంలో, కంపెనీలో, కాంట్రాక్టరు కింద పనిచేస్తుంటే జీతం చీటీ అడిగి, ఇ.ఎస్.ఐ. కోత ఉందేమో చూడండి. కోత ఉండి కార్డు చేతికి రాకపోతే ఇ.ఎస్.ఐ. కార్యాలయంలో అడగండి.

5. దగ్గరలో ఆరోగ్యశ్రీ ఉన్న రెండు ఆసుపత్రుల పేర్లు, 104, 14555 నెంబర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇంటి గోడకు అంటించండి. ఫోన్‌లో దాస్తే సరిపోదు. అవసరం వచ్చిన రాత్రి ఫోన్ మీ దగ్గర ఉంటుంది, అమ్మ ఊళ్లో ఉంటుంది.

6. ఇంటి పని అయ్యాక పక్కింటి పని చూడండి. పాతబస్తీలో ఉండేవారు గాజుల పని చేసే అమ్మలు, ఖాలాలు, బీహార్ నుండి వచ్చిన అన్నలు ఎవరైనా సరే, ఒక్కొక్కరు ఐదు కుటుంబాల కార్డులు చూసి పెట్టండి. జబ్బుకు కులం లేదు, మతం లేదు, రాష్ట్రం లేదు. మన సాయానికి కూడా ఉండకూడదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ ఒక్క విన్నపం. ఏటా వార్షికోత్సవానికి వచ్చి మాకు పెన్నులు, పుస్తకాలు పంచుతున్నారు. దానికి కృతజ్ఞతలు. వచ్చే ఏడాది నుండి ఆ రోజునే ఒక బల్ల వేసి, మీలో వైద్యులు, బీమా ఉద్యోగులు, రెవెన్యూ ఉద్యోగులు ఎవరున్నా రెండు గంటలు కూర్చుని, మా తల్లిదండ్రుల కార్డులు చూసి తప్పులు చెప్పండి. మాకు అంతకంటే పెద్ద బహుమతి లేదు.

లాడ్ బజార్‌లో ఒక గాజు తయారు కావడానికి ఎన్ని రాళ్లు అతికించాలో అన్ని చేతులూ కావాలి. ఆ చేతుల పేర్లు ఏ జాబితాలో లేకపోతే, రాయించే బాధ్యత రాయడం నేర్చుకున్న మనదే. ఈ సెలవుల్లోనే మొదలుపెడదాం.